ఆడియో ఇంజనీరింగ్ పుస్తకాలు: ఏది ముందు చదవాలి, ఎలా చదవాలి

“రికార్డింగ్ నేర్చుకోవాలి, మంచి పుస్తకం ఒకటి చెప్పండి” అని అడిగేవాళ్లకు పేరు చెప్పడం తేలికే. చిక్కంతా ఆ తర్వాతే. ఆరేడు వందల పేజీల ఇంగ్లీషు పుస్తకం కొంటారు, డెసిబెల్ లెక్కల దాకా వెళ్తారు, అక్కడ ఆగిపోయి మళ్లీ వీడియోల్లో పడతారు. ఈ పుస్తకాలు నవల్లా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవి కావు. పక్కన మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పుస్తకం చెప్పిన మాట నిజమో కాదో చెవితో తేల్చుకుంటూ చదవాలి. అలా చదివితే నాలుగు పుస్తకాలు చాలు. లేకపోతే నలభై చదివినా మిక్స్ మారదు.

కింది వరస ఇంట్లో ఒక గదిలో పాట, మాట, మృదంగం, గిటార్ లాంటివి రికార్డు చేసుకునేవాళ్ల కోసం.

కావలసినవి

- ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె. రెండు ఇన్‌పుట్లు ఉంటే మేలు. ఒక్కటే ఉంటే 5వ మెట్టులోని రెండు మైకుల పని తప్ప మిగతావన్నీ చేసుకోవచ్చు.
- కార్డియాయిడ్ మైకు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) ఒకటి. డైనమిక్ అయినా కండెన్సర్ అయినా సరే.
- చెవిని పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్లు. బ్లూటూత్‌వి వద్దు, వాటిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది.
- రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. మీ దగ్గర ఏదుంటే అదే. ఏదీ లేకపోతే రీపర్‌ను 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూడొచ్చు.
- ఫ్రీక్వెన్సీలను గీతగా చూపే అనలైజర్ ప్లగిన్. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈక్యూ (ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే ప్లగిన్) తోపాటే వస్తుంది.
- కొలిచే టేపు, ఒక లావుపాటి నోటుపుస్తకం.

1. కొనేముందు పుస్తకాన్ని పరీక్షించండి

మొదట ముద్రణ సంవత్సరం చూడండి. పాతదైతే పనికిరాదని కాదు, విషయాన్ని బట్టి ఉంటుంది. శబ్దశాస్త్రం, మైకుల పనితీరు గురించి 20 ఏళ్ల కిందటి పుస్తకం నిక్షేపంగా పనికొస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో పాత ముద్రణ దొరికితే కళ్లకద్దుకుని కొనుక్కోండి. సాఫ్ట్‌వేర్, మాస్టరింగ్ (పాటను విడుదలకు సిద్ధం చేసే ఆఖరి పని), లౌడ్‌నెస్ గురించైతే మాత్రం కొత్తదే కావాలి.

పాత పుస్తకాల్లో ఒక సలహా ఇప్పటికీ కొంప ముంచుతోంది: “మీటర్ ఎర్రబడేదాకా పోకుండా, వీలైనంత పైకి లెవెల్ పెట్టి రికార్డు చేయండి.” టేపుకూ, 16-బిట్ రికార్డర్లకూ అది సరైన మాటే. లెవెల్ తక్కువైతే పాట కింది హిస్ వినిపించేది. ఒక్కో బిట్‌కు సుమారు 6 డీబీ (డెసిబెల్) చొప్పున 16-బిట్‌కు 96 డీబీ, 24-బిట్‌కు లెక్క ప్రకారం 144 డీబీ చోటు వస్తుంది. 24-బిట్‌లో మీ గదిలోని చప్పుడే సిస్టమ్ హిస్ కన్నా చాలా ఎక్కువ. కాబట్టి అతి గట్టిగా పాడిన చోట మీటర్ −12కూ −6కూ మధ్య తగిలితే చాలు. అంతకుమించి పెడితే, గాయని చరణంలో ఒక్కసారి గొంతు పెంచినప్పుడు ఆ టేక్ చెడిపోతుంది.

రెండో పరీక్ష ఐదు నిమిషాల పని. పుస్తకం చివరి పదసూచికలో మూడు మాటలు వెతకండి: పొలారిటీ (తరంగాన్ని తలకిందులు చేయడం), ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ (మైకు దగ్గరైతే అడుగు స్వరం ఉబ్బడం), లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే యూనిట్). పొలారిటీకీ, కాలం తేడా వల్ల వచ్చే ఫేజ్‌కూ తేడా చెప్పని పుస్తకం మైకుల గురించి సరిగ్గా చెప్పలేదు. ప్రాక్సిమిటీ లేకపోతే అది సాఫ్ట్‌వేర్ పుస్తకమే. లఫ్స్ లేకపోతే లౌడ్‌నెస్ అధ్యాయం పాతబడిందని అర్థం. ఆ అధ్యాయం వదిలేసి మిగతాది చదువుకోవచ్చు.

2. మొదటి పుస్తకం: మీ ఇంటర్‌ఫేస్ మాన్యువల్

ఉచితం, ముప్పై నలభై పేజీలు, అయినా ఎవరూ చదవరు. అందులో సిగ్నల్ ఎటు నుంచి ఎటు పోతుందో చూపే బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని నోటుపుస్తకంలో మీ చేత్తో గీయండి: మైకు, ప్రీయాంప్ గెయిన్, డిజిటల్‌గా మార్చే చోటు, సాఫ్ట్‌వేర్ ట్రాక్, ఫేడర్, మాస్టర్, మళ్లీ అనలాగ్‌గా మార్చే చోటు, హెడ్‌ఫోన్ నాబ్. బొమ్మ లేని మాన్యువల్ అయితే కంపెనీ సైట్‌లో వెతకండి, లేదా అలాంటి ఇంకో మోడల్ బొమ్మ చూడండి.

ఇప్పుడు ఈ పని చేయండి. గెయిన్ బాగా పెంచి, క్లిప్ లైటు (లెవెల్ హద్దు దాటిందని చెప్పేది) వెలిగేలా గట్టిగా “ఆ” అని రికార్డు చేయండి. తర్వాత ఫేడర్‌ను 20 డీబీ దించి వినండి. శబ్దం తగ్గింది, బరబర మాత్రం పోలేదు. తరంగాన్ని దగ్గరగా పెద్దది చేసి చూస్తే కొసలు కత్తిరించినట్టు చదునుగా ఉంటాయి. గెయిన్‌కూ ఫేడర్‌కూ తేడా ఇంతే, ఇక మర్చిపోరు. మనం గెయిన్‌నూ, లెవెల్‌నూ, వాల్యూమ్‌నూ కలిపి “సౌండ్ పెంచు” అనేస్తాం. పుస్తకం చదివేటప్పుడు సగం గందరగోళం ఈ ఒక్క మాట నుంచే పుడుతుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు: ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్, సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ రెండూ ఆన్‌లో ఉంచడం. గొంతు రెండుసార్లు, డొల్లగా వినిపిస్తుంది. మైకు పాడైందనుకుంటారు. రెండింట్లో ఒకటి ఆపండి.

జాగ్రత్త: 48 వోల్టుల ఫాంటమ్ పవర్ నొక్కేముందు హెడ్‌ఫోన్, స్పీకర్ వాల్యూమ్ పూర్తిగా దించండి. పాత రిబ్బన్ మైకుకు ఫాంటమ్ ఇవ్వొద్దు.

3. ఒకే ఒక్క పాఠ్యపుస్తకం ఎంచుకోండి

డేవిడ్ మైల్స్ హ్యూబర్, రాబర్ట్ రన్‌స్టైన్ రాసిన ‘మోడర్న్ రికార్డింగ్ టెక్నిక్స్’ చాలా ముద్రణలు చూసిన పుస్తకం. కోర్సుల్లో వాడేది కూడా. మొదట నాలుగే అధ్యాయాలు: శబ్దం–వినికిడి, మైకులు, డిజిటల్ ఆడియో, సిగ్నల్ ప్రాసెసింగ్. టేపు రికార్డర్, సింక్రొనైజేషన్, సరౌండ్ ఇప్పుడు వద్దు. మిడీ మీకు అవసరమైనప్పుడు చదవండి.

లైవ్ సౌండ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు దీనికి బదులు యమహా వారి ‘సౌండ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ హ్యాండ్‌బుక్’ పట్టుకోండి. గ్యారీ డేవిస్, రాల్ఫ్ జోన్స్ రాశారు. 1980ల నాటిది, డిజిటల్ మిక్సర్ ఊసే ఉండదు. కానీ కేబుళ్లు, బ్యాలెన్స్‌డ్ కనెక్షన్లు, గెయిన్ ఎక్కడ ఎంత ఉంచాలి అన్న విషయాలను అంత ఓపిగ్గా విడమరిచిన పుస్తకం అరుదు.

అమెరికా పుస్తకాలు చదివేటప్పుడు ఒక అంకె మార్చుకోవాలి. కరెంటు హమ్ 60 హెర్ట్జ్ అని రాస్తారు, వాళ్ల కరెంటు అది. మన దగ్గర 50. కాబట్టి మీ రికార్డింగ్‌లో హమ్ 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. 60 దగ్గర నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేది) పెట్టి “హమ్ పోవట్లేదు” అని తల పట్టుకునేవాళ్లున్నారు. హమ్ పోతుందని త్రీపిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, అది ప్రాణాలమీదికి తెస్తుంది. లాప్‌టాప్‌ను చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ ఆగితే తప్పు ఎటుందో తెలుస్తుంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపితే చాలాసార్లు అక్కడే తీరిపోతుంది.

ఇంగ్లీషు ఇబ్బందిగా ఉన్నవాళ్లకు: అధ్యాయం మొత్తం అనువాదం చేసుకోవద్దు. పారిభాషిక పదాన్ని అలాగే ఉంచి, అది చేసే పనిని తెలుగులో ఒక్క వాక్యంగా నోటుపుస్తకంలో రాసుకోండి. ‘హెడ్‌రూమ్: ఇప్పుడున్న లెవెల్ నుంచి క్లిప్ అయ్యేదాకా మిగిలిన జాగా.’ ఇలాంటివి నలభై యాభై అయ్యేసరికి పుస్తకం తేలికవుతుంది.

4. ఒక అధ్యాయానికి ఒక ఫైలు

ఈ మొత్తం పద్ధతికి ఇదే ఆయువుపట్టు. అధ్యాయం చదవడం అయ్యిందనడానికి గుర్తు చివరి పేజీ కాదు. ఆ అధ్యాయంలో చెప్పినదాన్ని వినిపించే ఆడియో ఫైలు ఒకటి మీ ఫోల్డర్లో ఉండాలి. పేరు, తేదీ, ఏం చేశారో నోటుపుస్తకంలో రాయండి.

*మైకుల అధ్యాయానికి.* మైకుకు 5 సెంటీమీటర్ల దూరంలో పది సెకన్లు మాట్లాడండి. అదే వాక్యం 15, 30, 60 సెంటీమీటర్ల దగ్గర. ప్రతిసారీ టేపుతో కొలవండి, అందాజా వద్దు. నాలుగు ముక్కల లెవెల్ చెవికి సమానంగా వచ్చేలా సరిచేసి వరసగా వినండి. దగ్గర గొంతులో అడుగు స్వరం ఉబ్బి ఉంటుంది, అదే ప్రాక్సిమిటీ. 60 దగ్గర గొంతు సన్నబడి గది లోపలికి వస్తుంది. ఇక్కడ మీకు దొరికే లాభం: “ఏ మైకు కొనాలి” అనే ప్రశ్నకు సగం జవాబు “ఎంత దూరంలో పెట్టాలి” అని తెలిసిపోతుంది.

*ఫేజ్ అధ్యాయానికి.* ఒక ట్రాక్‌ను నకలు తీయండి. నకలు మీద పొలారిటీ తిప్పే బటన్ నొక్కండి. రెండూ కలిపితే నిశ్శబ్దం రావాలి. రాకపోతే ఒకదాని మీద ఏదో ప్లగిన్ ఉంది, లేదా ఫేడర్ తేడాగా ఉంది. పొలారిటీ అంటే ఇదే: తలకిందులు చేయడం, అంతే. ఇప్పుడు పొలారిటీని మామూలు చేసి, నకలును 1 మిల్లీసెకను వెనక్కి జరపండి. 48 కిలోహెర్ట్జ్‌లో అయితే 48 శాంపిళ్లు. ట్రాక్‌లో మాటకు బదులు వైట్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉన్న ‘ష్’ శబ్దం) పెట్టి అనలైజర్ చూడండి. 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర లోతైన గుంటలు, దువ్వెన పళ్లలా. కాలం తేడా వల్ల వచ్చేది ఇది. శబ్దం 1 మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. మీ టేబుల్ మీద తగిలి వచ్చే ప్రతిధ్వని నేరుగా వచ్చేదానికన్నా 34 సెంటీమీటర్లు ఎక్కువ తిరిగితే, మీ గొంతు రికార్డింగ్‌లోనూ ఇవే గుంటలు పడతాయి, ఇంత లోతుగా కాకపోయినా. టేబుల్ మీద మందపాటి దుప్పటి మడిచి వేసి మళ్లీ రికార్డు చేస్తే తేడా వినొచ్చు.

*కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని నొక్కి తగ్గించే ప్లగిన్) అధ్యాయానికి.* 1000 హెర్ట్జ్ సైన్ టోన్‌ను పీక్ మీటర్‌లో −8 చూపేలా పెట్టండి. కంప్రెసర్‌లో థ్రెషోల్డ్ −20, రేషియో 4:1, హార్డ్ నీ, మేకప్ సున్నా. లెక్క: టోన్ థ్రెషోల్డ్ గీతను 12 డీబీ దాటింది, నాలుగో వంతు మిగలాలి అంటే 3 డీబీ. అవుట్‌పుట్ −17 రావాలి. మీటర్ చూడండి. −17కు బదులు −14.75 దగ్గర ఆగిందా? మీ కంప్రెసర్ పీక్‌ను (తరంగం కొసను) కాక ఆర్‌ఎంఎస్‌ను (ఒక రకం సగటును) కొలుస్తోంది. సైన్ టోన్‌కు ఆ రెండింటి మధ్య 3 డీబీ తేడా. ఇంకేదో వస్తే ఆటో మేకప్ ఆన్‌లో ఉందేమో చూడండి. లెక్క కుదిరాక గొంతు పెట్టి, అటాక్ (కంప్రెసర్ ఎంత త్వరగా నొక్కుతుందో) 1 మిల్లీసెకను, 30 మిల్లీసెకన్లు మార్చి వినండి. మొదటిదాంట్లో హల్లుల పదును చచ్చిపోతుంది.

ప్రతి ప్రయోగంలోనూ ఒక నియమం తప్పకూడదు: పోల్చే రెండింటి లెవెల్ సమానం చేశాకే వినాలి. ఒక్క డీబీ ఎక్కువున్నది కూడా చెవికి “బాగుంది” అనిపిస్తుంది. ప్లగిన్ వేయగానే పాట మెరిసిపోయిందంటే, సగం సార్లు అది లెవెల్ పెంచింది, అంతే.

5. డ్రమ్ కిట్ పేజీలను మృదంగానికి మార్చుకోండి

ఈ పుస్తకాల్లో డ్రమ్ కిట్ మీదే పేజీలకు పేజీలు ఉంటాయి. మనకెందుకని దాటేయకండి, పరికరం వేరైనా సూత్రం అదే. స్నేర్ డ్రమ్‌కు పైనొక మైకు, కిందొక మైకు పెడితే ఒకదాని పొలారిటీ తిప్పమని చెబుతారు. ఎందుకంటే పైచర్మం ఒక మైకు నుంచి దూరంగా కదిలేటప్పుడు కిందిది రెండో మైకు వైపు వస్తుంది. మృదంగమూ రెండు ముఖాలదే. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, 20–30 సెంటీమీటర్ల దూరంతో మొదలుపెట్టి రికార్డు చేయండి. తర్వాత రెండు ట్రాకులనూ మోనోలో కలిపి, ఒకదాని పొలారిటీ మార్చి మార్చి వినండి. ‘ధీం’ నిండుగా వచ్చిన వైపే సరైనది. బొమ్మ చూసి కాదు, విని తేల్చాలి.

పుస్తకాల్లో 3:1 నియమం అని ఒకటి కనిపిస్తుంది. మైకు తన వాయిద్యానికి ఎంత దూరంలో ఉందో, పక్క మైకు దానికి మూడింతలు దూరంలో ఉండాలి. అప్పుడు పక్క మైకులో పడే శబ్దం సుమారు 9.5 డీబీ తగ్గుతుంది. అయినా రెండూ సమాన లెవెల్‌లో కలిస్తే దువ్వెన గుంటలు పోవు, +2.5 నుంచి −3.5 దాకా ఊగుతాయి. నష్టాన్ని ఓర్చుకోదగినంతకు తగ్గించే కొలత అది, అంతకుమించి దాన్ని నమ్ముకోకండి. ఒకే వాయిద్యానికి పెట్టిన రెండు మైకులకు ఈ నియమం వర్తించదు. మృదంగానికి దీన్ని పట్టుకుని మైకులను మీటరు దూరం జరిపేవాళ్లున్నారు.

మన సంగీతానికి అచ్చంగా పనికిరాని పేజీలు రెండు. ఒకటి నాయిస్ గేట్, అంటే శబ్దం తగ్గగానే ట్రాక్‌ను మూసేసేది: గదిలో శ్రుతిపెట్టె మోగుతుంటే గేట్ మూసుకున్నప్పుడల్లా శ్రుతి తెగుతుంది. శ్రుతిని గాయకుల హెడ్‌ఫోన్లలోకి పంపి విడి ట్రాక్‌గా తీసుకోండి. రెండోది పిచ్ కరెక్షన్ సెట్టింగులు. పుస్తకంలోని వేగవంతమైన అంకెలు వేస్తే సాఫ్ట్‌వేర్ గమకాన్ని తప్పు స్వరం అనుకుని మెట్లుమెట్లుగా సరిచేస్తుంది. కర్ణాటక సంగీతానికి దాన్ని ముట్టకపోవడమే మంచిది. సినిమా పాటలోనూ అవసరమైన స్వరాన్ని చేత్తో ఎంచి సరిచేయండి.

6. గది గురించి చదవండి, మన గోడలు గుర్తుపెట్టుకుని

ఎఫ్. ఆల్టన్ ఎవరెస్ట్ రాసిన ‘మాస్టర్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ఎకూస్టిక్స్’ ఇందుకు పేరున్న పుస్తకం. తర్వాతి ముద్రణల్లో కెన్ పోల్మన్ చేరారు. ఏ ముద్రణైనా పనికొస్తుంది. లెక్కలు చాలానే ఉంటాయి. మొదట చదవాల్సినవి గది మోడ్స్ (గది కొలతల వల్ల కొన్ని ఫ్రీక్వెన్సీలు ఎక్కువగా మోగడం), శోషణ, ప్రతిధ్వని. స్టూడియో కట్టడం గురించినవి కట్టేటప్పుడు చూసుకోవచ్చు.

అమెరికా ఇళ్ల గోడలు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం బోర్డు. ఆ బోర్డు కొద్దిగా వణికి బాస్‌ను కొంత తినేస్తుంది, కొంత బయటికి వదిలేస్తుంది. మన 9 అంగుళాల ఇటుక గోడ, సిమెంటు పూత, శ్లాబు, గ్రానైట్ నేల ఏదీ వణకదు. దీనివల్ల రెండు తేడాలు. సౌండ్‌ప్రూఫింగ్ అధ్యాయంలో వాళ్లు గోడల కోసం పడే తంటాలు మనకు చాలావరకు అక్కర్లేదు. మన శబ్దం కారేది తలుపు కింది సందులోంచి, కిటికీలోంచి, వెంటిలేటర్‌లోంచి. ముందు వాటిని మూయండి. కానీ లోపలి బాస్ ఎటూ పోదు, గదిలోనే తిరుగుతూ ఉంటుంది. ఆ సమస్య పుస్తకం చెప్పినదానికన్నా మనకే ఎక్కువ.

లెక్క వేసి చూడండి. 172ను గది కొలతతో (మీటర్లలో) భాగిస్తే మొదటి మోడ్ వస్తుంది. పది అడుగులు అంటే 3.05 మీటర్లు, 56 హెర్ట్జ్. పన్నెండు అడుగులకు 47. మన ఇళ్లలో 10×12 గదికి ఎత్తు కూడా పదడుగులే. అంటే వెడల్పు, ఎత్తు రెండూ కలిసి 56 దగ్గరే మోగుతాయి. ఒక స్పీకర్‌ను మూలలో పెట్టి 56 హెర్ట్జ్ టోన్ సన్నగా మోగించి గదిలో నడవండి. మూలల్లో గుమ్మంటుంది, మధ్యలో మాయమైపోతుంది. మీ కుర్చీ ఆ మధ్యలోనే ఉంటే మీరు బాస్ తక్కువైందని పెంచుతూ పోతారు, కారులో వింటే అద్దాలు అదురుతాయి. కుర్చీని ముందు గోడకు, గది పొడవులో మూడో వంతుకు కాస్త ఎక్కువ దూరంలో పెట్టి మళ్లీ వినండి. దానికీ లొంగకపోతే అటూ ఇటూ జరుపుతూ వెతకాల్సిందే.

56 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 6 మీటర్లు. అంగుళం మందం ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. అది తినేది పై స్వరాలనే, దాంతో గది మరింత బొంగురుగా తయారవుతుంది. కోడిగుడ్ల అట్టలు అంతకన్నా దండగ, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. రాక్‌వూల్ (రాతి నారతో చేసే) పలకలు 4 అంగుళాల మందం, వెనక మరో 4 అంగుళాల ఖాళీ, గుడ్డ చుట్టి మూలల్లో నిలబెట్టడం నుంచి మొదలుపెట్టండి. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. కొలిచి చూడాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పలకలు పెట్టకముందొకసారి, పెట్టాక ఒకసారి, మైకు అదే చోట ఉంచి కొలవాలి.

7. రోజూ పదిహేను నిమిషాలు చెవికి

జేసన్ కోరీ ‘ఆడియో ప్రొడక్షన్ అండ్ క్రిటికల్ లిజనింగ్’ చెవి సాధన కోసమే రాసింది, సాధనకు సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది. కొనలేకపోతే ఇలా చేయండి: పింక్ నాయిస్ (వైట్ నాయిస్ కన్నా అడుగు స్వరాలు ఎక్కువున్న హోరు) మీద ఈక్యూ పెట్టి 63, 125, 250, 500, 1000, 2000, 4000, 8000 హెర్ట్జ్‌లలో ఒకదాన్ని ఇంట్లో ఎవరినైనా 12 డీబీ పెంచమనండి. ఏది పెంచారో మీరు తెర చూడకుండా, చెవితోనే చెప్పండి. పదికి ఎనిమిది సరిగ్గా చెప్పగలిగితే 6 డీబీకి, తర్వాత 3కు దించండి. ఆ తర్వాత నాయిస్ బదులు పాట. మార్కులు తేదీతో సహా నోటుపుస్తకంలో రాయండి.

వాల్యూమ్ మితంగా ఉండాలి. 85 డీబీ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు అంటారు, ప్రతి 3 డీబీకి ఆ సమయం సగమవుతుంది. చెవి గింగురుమంటే ఆ రోజుకు సాధన ఆపేయాలి.

8. మిక్సింగ్ పుస్తకం, పరాయి పాటలతో

మైక్ సీనియర్ ‘మిక్సింగ్ సీక్రెట్స్ ఫర్ ద స్మాల్ స్టూడియో’ 2011లో వచ్చింది, రెండో ముద్రణ 2018లో. చిన్న గదిలో పనిచేసేవాళ్ల కోసమే రాసింది కాబట్టి మనకు దగ్గరగా ఉంటుంది. దీన్ని మాత్రం రాసిన వరసలోనే చదవాలి: వినే పద్ధతి, ట్రాకులు సర్దుకోవడం, బ్యాలెన్స్, చివరికి మెరుగులు. అందరూ నేరుగా చివరి భాగానికి దూకుతారు. రివర్బ్ అక్కడుంది మరి.

రచయిత సాధన కోసం మల్టీట్రాకులను (గొంతు, వాయిద్యాలు విడివిడిగా ఉన్న ఫైళ్లను) నెట్‌లో ఉచితంగా ఉంచారు. మీ సొంత పాటకన్నా వాటితో నేర్చుకోవడం మేలు. రికార్డింగ్ తప్పులను మిక్సింగ్ తప్పులనుకునే ప్రమాదం ఉండదు. పది ట్రాకులకు మించని పాట ఎంచుకోండి. మొదటి మిక్స్ ఫేడర్లు, ప్యాన్‌లతోనే (ఎడమ–కుడి జరుపుతూ), ప్లగిన్ ఒక్కటీ లేకుండా. మూడో రోజు వినండి. అప్పటికీ ఏది ఇబ్బందిగా ఉందో దానికే ఈక్యూ.

“గొంతుకు 3 కిలోహెర్ట్జ్ పెంచండి, 300 తగ్గించండి” అనే పట్టికలున్న పుస్తకాలతో జాగ్రత్త. ఆ అంకెలు ఎవరో ఒకరి గొంతుకు, ఒక మైకుకు, ఒక గదికి కుదిరినవి. నాదస్వరానికి 3 కిలోహెర్ట్జ్ పెంచి చూడండి, ఎందుకు జాగ్రత్త అన్నామో తెలుస్తుంది.

9. మాస్టరింగ్ ఆఖరున

బాబ్ కాట్జ్ ‘మాస్టరింగ్ ఆడియో’ మొదట 2002లో, మూడో ముద్రణ 2014లో వచ్చింది. మూడోదే తీసుకోండి. లౌడ్‌నెస్ కొలతకు ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) ప్రమాణం బీఎస్ 1770 వచ్చింది 2006లో, యూరప్ ప్రసార సంస్థల ఆర్ 128 వచ్చింది 2010లో. రెండు పత్రాలూ ఉచితమే. ఆర్ 128 కొద్ది పేజీల్లో చెప్పే అసలు సంగతి: కార్యక్రమం −23 లఫ్స్, ట్రూ పీక్ (తరంగం అసలు కొస) −1 దాటకూడదు.

స్పాటిఫై మామూలు సెట్టింగులో −14 లఫ్స్‌కు సర్దుతుంది. మీరు −8 దాకా నొక్కి పంపితే అది 6 డీబీ దించుతుంది. నొక్కడంలో పోయిన ప్రాణం మాత్రం తిరిగిరాదు. ఇంట్లోనే చూడొచ్చు: ఒకే మిక్స్‌ను −14కూ, −8కీ రెండు ఫైళ్లుగా తీసి, రెండోదాన్ని 6 డీబీ దించి పక్కపక్కన వినండి. తబలా, డ్రమ్ దెబ్బలు ఎందులో తగులుతున్నాయో చూడండి.

కొనకుండా చదవగలిగినవి

ష్యూర్ కంపెనీ రికార్డింగ్‌లో మైకుల వాడకం మీద ఉచిత పుస్తకం ఇస్తుంది, దేనికి ఎక్కడ పెట్టాలో బొమ్మలతో. డీపీఏ కంపెనీ సైట్‌లోని మైక్ యూనివర్సిటీ వ్యాసాలు అంతకన్నా లోతు. కేబుల్ తంటాలకు రేన్ కంపెనీ వారి 110వ నోట్ ఒక్కటి చాలు: బ్యాలెన్స్‌డ్ నుంచి అన్‌బ్యాలెన్స్‌డ్‌కు ఏ పిన్ను దేనికి కలపాలో బొమ్మల్లో ఉంటుంది, టంకం వేసేటప్పుడు పక్కన పెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో 1985లో మొదలైన ‘సౌండ్ ఆన్ సౌండ్’ పత్రిక పాత వ్యాసాలు చాలా నెట్‌లో ఉన్నాయి. పరికరాల సమీక్షలు కాదు, రికార్డింగ్ పద్ధతుల వ్యాసాలు వెతికి చదవండి. రీపర్ వాడేవాళ్లకు దాని యూజర్ గైడ్ ఉచిత పీడీఎఫ్.

వంటబట్టిందో లేదో చూసుకోవడం

ఆరు నెలలకోసారి ఈ మూడు పరీక్షలు పెట్టుకోండి.

మొదటిది: ఆరు నెలల కిందట నాలుగు దూరాల్లో చెప్పిన అదే వాక్యాన్ని అదే గదిలో, అదే మైకుతో మళ్లీ రికార్డు చేయండి. ఈక్యూ, కంప్రెసర్ వేయకుండానే కొత్తది బాగుండాలి. ప్లగిన్ వేస్తేగానీ తేడా తెలియట్లేదంటే మైకుల అధ్యాయానికి వెనక్కి వెళ్లండి.

రెండోది: “ఈ ప్లగిన్ వల్ల మెరుగైంది” అనుకున్న ఏదో ఒక మార్పును ఎంచుకోండి. రెండు ఫైళ్ల లెవెల్ సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా ఎవరితోనైనా పదిసార్లు వినిపించుకోండి. తొమ్మిదిసార్లు సరిగ్గా చెబితే తేడా నిజంగానే మీకు వినిపిస్తోంది. గుడ్డిగా ఊహించి తొమ్మిదో పదో కొట్టే అవకాశం నూటికి ఒకటి. ఐదో ఆరో వస్తే ఆ ప్లగిన్ తీసేయండి, మిక్స్‌కు ఏమీ కాదు.

మూడోది: మిక్స్‌ను మోనో చేసి, ఫోన్ స్పీకర్‌లో, వంటింట్లో కుక్కర్ మోగుతుండగా పక్క గదిలోంచి వినండి. సాహిత్యం మాట మాటా తెలిస్తే గొంతు లెవెల్ కుదిరింది. తెలియకపోతే ఏ మాట పోయిందో రాసుకుని, ఆ ఒక్క చోట ఫేడర్‌ను ఒక డీబీ పైకి జరపండి.